స్కాన్‌లో కనపడని నొప్పి

మన సంఘం సంచికకు చరిత్ర వ్యాసం రాయమంటే అందరూ వీరుల గురించి రాస్తారు. నేను తలనొప్పి చరిత్ర రాస్తున్నాను, నవ్వకండి.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ పిల్ల ఒకతి సెలవుల్లో కంకిపాడు దగ్గర బందరు రోడ్డు మీద బండి వెనక నుంచి పడింది. తలకు కుట్లు పడ్డాయి. స్కాన్ బాగానే ఉందన్నారు. గాయం మానింది గానీ తలనొప్పి తగ్గలేదు. ట్యూబులైటు వెలుగు భరించలేక స్టడీ అవర్‌కి రాకుండా దుప్పటి కప్పుకునేది. నేను "దొంగ నొప్పి" అన్నాను.

దొంగ అనే మాట మనవాళ్లకు కొత్త కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకల కుటుంబాల్ని పుట్టుకతోనే అనుమానితుల్ని చేసింది. దేశమంతటా ఆ చట్టం పోవడానికి 1952 దాకా పట్టింది. అన్నీ తెలిసిన నేనే ఆ మాట అన్నాను.

దెబ్బతిన్నవాళ్ల నొప్పినీ లోకం అలాగే చూసింది. 1866లో లండన్ సర్జన్ ఎరిక్‌సెన్ రైలు ప్రమాదాల బాధితుల మీద పుస్తకం రాశాడు. పైకి పెద్ద గాయం లేకపోయినా బాధలు చాలాకాలం ఉంటాయన్నాడు. పరిహారం కోసం నటిస్తున్నారని అవతలివాళ్ల వాదన.

మన దేశంలో మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని 1949లో వెల్లూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో రామమూర్తి మొదలుపెట్టారు. అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1971లో లండన్‌లో రోగికి తొలి సీటీ స్కాన్ తీశాక పుర్రె కోయకుండానే లోపలి రక్తస్రావం కనపడసాగింది. నొప్పి మాత్రం అందులో పడదు. 1988 నాటి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో దెబ్బ తర్వాతి తలనొప్పికి చోటు దొరికింది. అది 3 నెలలు దాటితే దీర్ఘకాలికం అని ఇప్పటి లెక్క.

నరాల డాక్టరు మా పిల్లను అడిగిన మొదటి ప్రశ్న: "రోజుకెన్ని బిళ్లలు?" కొట్టులో కొన్న నొప్పి బిళ్లలు రోజూ మింగుతోందట. నెలలో సగం రోజులు అలా వాడితే ఆ బిళ్లలే తలనొప్పి తెస్తాయని చెప్పి ఆపించారు. రాత్రిపూట తక్కువ మోతాదులో వేరే మందు రాశారు. వేళకు నిద్ర, మెడకు వ్యాయామం, చదువు రోజుకు కొంచెం కొంచెం పెంచడం. ఇంకో హెచ్చరిక కూడా చేశారు: నొప్పి పెరుగుతూ వాంతులు, మగత, మాట తడబాటు వస్తే, దెబ్బ తగిలి వారాలు గడిచినా సరే, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. లోపల రక్తం నెమ్మదిగా చేరుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయండి, పొద్దున చూద్దాం అనకండి.

నాలుగు నెలలకు ఆ పిల్ల ట్యూబులైటు కింద కూర్చుని లెక్కలు చేసింది. పక్కన కూర్చుని, ఆ రోజు అన్న మాటకు తప్పయిందమ్మా అన్నాను.

"పర్లేదు మేడమ్, మా నాన్న కూడా అదే అన్నాడు" అంది, తలెత్తకుండా.