అషియో గని - వతరాసే ఒండ్రు

నదీతీరపు రైతుకు వరద నష్టమూ తెస్తుంది, లాభమూ తెస్తుంది. పైరును ముంచిన నీరే వెనుదీస్తూ పొలంమీద ఒండ్రుమట్టిని విడిచిపోతుంది. ఈ లెక్క మన గోదావరి లంకలవారికి కొత్త కాదు. టోక్యో నగరానికి ఉత్తరాన పారే వతరాసే నది ఒడ్డువారూ ఒకప్పుడు ఈ లెక్కతోనే బ్రతికినారు. అది తారుమారైన చరిత్ర ఇది.

ఆ నది ఎగువ కొండలలో అషియో రాగిగని ఉన్నది. 1877లో ఫురుకావా ఇచిబే అనే వర్తకుడు దానిని కొన్నాడు. పదేండ్లలోపల అది జపానులోకెల్లా పెద్ద రాగిగని అయినది. కొలుముల పొగలోని గంధకవాయువు కొండలమీది అడవిని మాడ్చివేసినది. మిగిలిన చెట్లను గని అవసరాలకు నరికివేసినారు. బోడికొండలపై పడిన వాన నిలువక ఒక్కపెట్టున నదిలోకి దూకినది. గనివద్ద గుట్టలు పోసిన రాతిపొడిని, చిట్టెమును మోసుకొనివచ్చి పొలాలపై పరచినది.

1890 వరద తరువాత పైరు ఎండిపోయినది. రైతుల కోరికపై వ్యవసాయ కళాశాల ఆచార్యుడు కొజాయ్ యోషినావో మట్టిని పరీక్షించి, కీడుకు మూలం రాగియే అని తేల్చినాడు. నీరు పారిపోతుంది గాని రాగి పోదు. బంకమట్టిని, చివికిన ఆకును అంటిపెట్టుకొని యేండ్ల తరబడి నిలిచి, వేళ్ళను పెరుగనీయదు.

1891లో తనాకా షోజో అనే సభ్యుడు ఈ సంగతిని పార్లమెంటులో నిలవేసి అడిగినాడు. అప్పటి వ్యవసాయ వాణిజ్యమంత్రి కుమారుడు ఫురుకావాకు దత్తపుత్రుడు. 1896లో మరింత పెద్ద వరద వచ్చినది. రైతులు రాజధానికి కాలినడకన బయలుదేరినారు. 1897లో ప్రభుత్వం గనికి నివారణపు ఆజ్ఞలు జారీచేసినా కీడు ఆగలేదు. 1900లో మరల కదలిన రైతులను పోలీసులు కవమాటవద్ద అడ్డగించి పలువురిని నిర్బంధించినారు. మరుసటి యేడు తనాకా సభ్యత్వాన్ని వదులుకొని, డిసెంబరు 10న చక్రవర్తి బండి దారిలో విన్నపపత్రం చేతబట్టి పరుగెత్తినాడు. కావలివారు పట్టుకొన్నారు. పత్రం చేరలేదు, వార్త మాత్రం దేశమంతటా చేరినది.

ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం విచిత్రమైనది. గనిని మూయలేదు, వరదనీటిని నిలువచేసే జలాశయానికై దిగువనున్న యనాకా గ్రామాన్ని రద్దుచేసినది. కదలమన్న పదహారు కుటుంబాల ఇండ్లను 1907లో కూలగొట్టినారు. తనాకా వారితోనే ఉండిపోయినాడు. 1913లో ఆయన కన్నుమూసినప్పుడు సంచిలో మిగిలినవి రాజ్యాంగపు ప్రతి, క్రైస్తవుల కొత్త నిబంధన, దినచర్య పుస్తకం, కొన్ని గులకరాళ్ళు.

గని 1973లో మూతపడినది. 1974లో రైతులకు 155 కోట్ల యెన్ల పరిహారం కుదిరినది. అయినా 2011 భూకంపంలో పాత వ్యర్థాల గుట్ట ఒకటి జారి నదిలో పడగా, నీటిలో సీసం మితిమీరినట్లు తేలినది. యనాకా ఉండిన చోట నేడు రెల్లుగడ్డి పెరుగుతున్నది, పక్షులు వాలుతున్నవి. యజమాని పోయినాడు, మంత్రి పోయినాడు, గని పోయినది. కొండదిగువన పోసిన గుట్టలు మాత్రం నిలిచియున్నవి. వాటికి కావలి కాయవలసినవారు, ఆ రాగిలో ఒక్క కాసు లాభమైనా ఎరుగని తరాలవారు.