ఉగాది జీతం నుంచి ఆటగాళ్ల వేలం దాకా

దక్షిణ తెలంగాణ మెట్టనేలల్లో, అంటే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, మనిషి ఒక జట్టు విడిచి మరో జట్టులో చేరే కాలం ఏదన్నది ఆటల పోటీలు రాకముందే సేద్యపు పంచాంగంలో ఖాయమై ఉంది. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే ఈ చెల్క నేలల్లో (చెల్క అంటే నీటి వసతి లేని, వానకే పండే తేలికపాటి ఎర్రభూమి) జొన్న, ఆముదం ఇంటికి చేరి కల్లాలు ఖాళీ అయ్యాక తొలకరి దాకా పని పలచబడేది. వచ్చే ఏడు ఎవరి దగ్గర ఎవరుండాలన్నది ఆ ఖాళీ నెలల్లోనే తేలేది. సీజను ముగిసిన మర్నాటి నుంచి ఎవరిని అట్టే పెట్టుకున్నారు, ఎవరిని వదిలేశారు అని హాకీ, కబడ్డీ అభిమానులు ఇవాళ జాబితాలు పట్టుకొని చేసే వాదన కొత్తదిగా కనిపించవచ్చు గాని, అందులోని అడ్వాన్సులు, మధ్యవర్తులు, అలకలు, పోయినవాడి మీద నిష్ఠూరాలు ఈ ప్రాంతానికి బాగా తెలిసినవే.

మనిషి చోటు మారే పద్ధతుల్లో అన్నిటికంటే పాతది జీతం. నేటి భాషలో జీతమంటే నెలవారీ వేతనమే అయినా, తెలంగాణ పల్లెలో ‘జీతం ఉండటం’ అంటే ఒక ఆసామి ఇంట్లో ఏడాది పొడుగునా పనికి కుదరడం. ఈ ఒప్పందం ఎక్కువగా ఉగాది నుంచి ఉగాదికి సాగేది. కూలి చాలావరకు ధాన్యం రూపంలో ముట్టేది. దానిపైన ఒక గొంగడి, ఒక చెప్పుల జత ఇవ్వడం ఆనవాయితీ. పండుగ దగ్గర పడుతుంటే మోట తోలడంలో చేయి తిరిగినవాడికి, ఎడ్ల మర్మం తెలిసినవాడికి నలుగురు ఆసాముల నుంచి కబురు వచ్చేది. పశువులు కాసే పిల్లవాడి సంగతి మాత్రం అతని తండ్రి చేసిన అప్పును బట్టి నడిచేది. అప్పు తీరనివాడికి ఉగాది వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అప్పు కింద తరతరాలు ఒకే ఇంటికి కట్టుబడిపోయే ఈ పద్ధతినే నిజాం రాజ్యంలో భగేలా అన్నారు. వెట్టి దీనికి భిన్నమైనది, అందులో కూలి అన్న మాటే లేదు. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ కేంద్రంగా సాగిన సాయుధ పోరాటం వెట్టి మీద తిరగబడిన సంగతి అందరూ చెప్పుకునేదే గాని, జీతగాడికి ఆసామిని మార్చుకునే వీలుండటం కూడా ఆ రోజుల్లో చిన్న స్వేచ్ఛ కాదన్న మాట చరిత్ర గ్రంథాల్లో అంతగా వినిపించదు.

రెండో పద్ధతి గుంపు, అది పాలమూరుది. మహబూబ్‌నగర్‌కు వాడుకలో ఉన్న పాతపేరు పాలమూరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు దానికి 1890లో వచ్చింది. కరువు తరిమితే ఊళ్లు విడిచి, ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ కడుతుంటే అక్కడికి వెళ్లి మట్టిపని, రాతిపని చేసిన ఇక్కడి జనానికి దేశమంతటా ‘పాలమూరు లేబర్’ అన్న పేరు స్థిరపడింది. కంట్రాక్టరుకు, కూలికి నడుమ రెండు మెట్లుండేవి. పెద్ద మొత్తం తెచ్చి ఊళ్లకు పంచేవాడు పేట మేస్త్రీ. తన ఊరివాళ్లను కూడగట్టి, వెంట తీసుకుపోయి, పని చేయించేవాడు గుంపు మేస్త్రీ. చేతిలో గింజలు నిండుకున్న సమయం చూసి అడ్వాన్సు ఇస్తే ఆ మనిషి ఆ ఏటికి ఆ గుంపువాడయ్యేవాడు.

గుంపు కట్టడంలో ఉన్న ఒడుపును కొంచెం దగ్గరగా చూడాలి. మట్టిపనిలో లెక్కకు వచ్చేది జంట: మగవాడు గడ్డపారతో తవ్వి పారతో తట్టకెత్తితే, ఆడమనిషి దాన్ని మోసుకెళ్లి కట్ట మీద పోస్తుంది. తవ్వేవాడు నెమ్మదిస్తే మోసేవాళ్లు ఊరికే నిలబడాలి, మోసే దూరం పెరిగితే తవ్వేవాడు ఆగాలి. కూలి కొలతల మీద వస్తుంది కనుక ఆ ఆగిన ప్రతి ఘడియా గుంపంతటికీ నష్టమే. అందువల్ల మంచి గడ్డపార పట్టే ఒక్కడు పక్క మేస్త్రీ అడ్వాన్సు పుచ్చుకొని వెళ్లిపోతే, తగ్గేది ఒక తలకాయే అయినా దెబ్బతినేది మొత్తం పని అమరిక. జట్టు కూర్పు అని ఆటల పేజీల్లో రాసేది సరిగ్గా దీన్నే. నల్లగొండ జిల్లా అంచున 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్‌ను రాయి మీద రాయి పేర్చి లేపింది ఇలాంటి గుంపులే. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో, రాష్ట్రాలు దాటే వలస కూలీల కోసం 1979లో చట్టాలు వచ్చినా, అడ్వాన్సు ఇచ్చినవాడిదే మనిషి అన్న లెక్క వాటితో వెంటనే చెరిగిపోలేదు.

ఈ జిల్లాల కంటికి దగ్గరి నగరం హైదరాబాదు. ఈ ప్రాంతంలో ఆటల జట్లు కట్టే ఆనవాయితీ బలపడింది అక్కడే, అదీ ఫుట్‌బాల్‌లో. అయితే నగరానికి పేరు తెచ్చిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు మనుషులను కొని తెచ్చుకున్నది కాదు. బస్తీ జట్లలో మెరిసిన కుర్రవాళ్లకు పోలీసు నౌకరీ ఇచ్చి చేర్చుకునేవారు. నౌకరీ ఉన్నంతకాలం జట్టూ ఉంటుంది, కాబట్టి ఏటేటా మార్పులు ఒకటి రెండుకు మించవు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో ఈ జట్టు శిక్షణ చేపట్టాక అది బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు గెలిచింది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలన్న నియమంతో రహీం ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవాడు. బయటినుంచి కొత్తవాణ్ని తెచ్చే బదులు, ఉన్నవాడిలోనే రెండో ఆటగాణ్ని తయారు చేసే పద్ధతి ఇది. వేలం కాలపు శిక్షకులకు అంత ఓపిక పట్టే వ్యవధి ఉండదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్ల శిక్షకుడూ రహీమే.

నౌకరీ కట్టిన ఆ ముడిని విప్పింది కలకత్తా. బెంగాలీలు ‘దల్‌బదల్’ అని పిలిచే జట్ల మార్పిడి అక్కడ లీగు మొదలయ్యే ముందు, ఎండలు ముదిరే రోజుల్లో జరిగేది. ఆటగాడు స్వయంగా ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యాలయానికి (పేరు దేశానిదే అయినా అది పాలించేది బెంగాల్ ఫుట్‌బాల్‌నే) వచ్చి సంతకం పెడితేనే మార్పు చెల్లేది. అందుకని పేరున్నవాణ్ని ఎదుటి క్లబ్బు మనుషుల కంట పడకుండా ఏదో ఇంట్లో దాచి, సంతకం రోజున మద్దతుదారుల కాపలాతో తీసుకురావడం పరిపాటి అయింది. దక్షిణాది ఆటగాళ్ల పేర్లు అక్కడ ముందే మోగాయి. ఈస్ట్ బెంగాల్ ముందువరుసలో వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే కలిసి ఆడిన రోజుల్లో వాళ్లను పంచపాండవులన్నారు. సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో అదే క్లబ్బుకు వెళ్లాడు.

ఈ మార్పిడిని జీవన విధానంగానే మలచుకున్నవాడు హైదరాబాదు మహమ్మద్ హబీబ్. 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, తరువాతి పదిహేనేళ్లకు పైగా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్‌ల మధ్య ఒకటికి నాలుగుసార్లు మారాడు. తోటివాళ్లు ఆట పక్కన పెట్టి ఉద్యోగం చూసుకుంటున్న కాలంలో వచ్చిన ఉద్యోగాలను కాదని ఆటనే బతుకుతెరువు చేసుకున్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచిన ఆటలో ఒక గోలు అతనిదే. నిన్న తమవాడైనవాడు ఇవాళ ఎదుటి చొక్కా తొడుక్కొని వచ్చినా కలకత్తా జనం అతన్ని ‘బడే మియా’ అనే పిలిచారు. బరిలో ఉన్నంతసేపు ఏ చొక్కాకైనా పూర్తిగా న్యాయం చేశాడన్న నమ్మకం వల్లే ఈ మన్నన దక్కిందనుకోవాలి. అభిమాని కోపం పోయినవాడి మీద కంటే, ఉండి కూడా మనసు పెట్టనివాడి మీదనే ఎక్కువ.

హాకీలో చాలాకాలం ఇలాంటి సంత లేదు. దేశవాళీ హాకీ రైల్వేలు, పోలీసు, సైన్యం, బ్యాంకులు, విమాన సంస్థల వంటి ఉద్యోగ జట్లతో నడిచింది. 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడిన హైదరాబాదీ ఎన్. ముకేశ్ కుమార్‌కు ఇండియన్ ఎయిర్‌లైన్స్ జట్టే నీడ. జట్టు మారడమంటే ఉద్యోగం మారడమే. పింఛను లెక్కలు చూసుకునే ఇంట్లో అది తేలిక నిర్ణయం కాదు. ఈ స్థితి తొలిసారి కదిలింది 2005లో, ప్రీమియర్ హాకీ లీగు హైదరాబాదులో మొదలైనప్పుడు. తొలి విజేత హైదరాబాద్ సుల్తాన్స్. ఆ లీగు 2008తో ఆగిపోయింది. 2013 నుంచి 2017 దాకా నడిచిన హాకీ ఇండియా లీగులో హైదరాబాదు పేరిట జట్టే లేదు.

అదే లీగును తిరిగి లేపినప్పుడు 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం పెట్టారు. హైదరాబాద్ తూఫాన్స్‌తో కలిపి ఎనిమిది పురుషుల జట్లు. ఒక్కో జట్టుకు ఖర్చు పరిమితి 4 కోట్ల రూపాయలు. 24 మందిలో విదేశీయులు ఎనిమిది మంది. తూఫాన్స్ 68 లక్షలు పోసి గొంజాలో పీలాను తీసుకుంది. ఇతడు డ్రాగ్ ఫ్లిక్ నిపుణుడు, అంటే పెనాల్టీ కార్నర్‌లో ఆపిన బంతిని కర్రకు అంటించి లాగి, ఒక్క విసురులో గోలులోకి పంపేవాడు. అర్జెంటీనాలో పుట్టి 2016 రియోలో ఆ దేశానికి స్వర్ణం తెచ్చి, తరువాత జర్మనీకి మారి 2023లో ప్రపంచకప్ గెలిచాడు. జట్టు మారడంలో ఇంతకు మించినది ఉండదు. నాలుగు కోట్లలో ఆరింట ఒక వంతుకు పైగా ఒక్కడి మీద పెట్టడం సబబేనా అన్న ప్రశ్నకు 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్ రెండు జవాబులిచ్చింది: పీలా రెండు గోల్స్ కొట్టాడు, తూఫాన్స్ 3-4తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. గడ్డపార గట్టిదే, మిగతా గుంపు సంగతేమిటని పాలమూరు మేస్త్రీ అడిగి ఉండేవాడు.

కబడ్డీలో ఈ లెక్క ఇంకా కటువుగా తేలింది. చెడుగుడు పేరుతో ఊరూరా ఆడే ఆట కనుక, 2014లో ప్రొ కబడ్డీ లీగుతో పుట్టిన తెలుగు టైటాన్స్ మీద మెట్టప్రాంతపు పల్లెలకు హాకీ మీద కంటే ఎక్కువ పట్టింపు ఉంది. ఆరు సీజన్లు కూతకు వెళ్లిన రాహుల్ చౌదరి ఉత్తరాదివాడైనా ఇంటివాడైపోయాడు. అతడు 2019లో తమిళ్ తలైవాస్‌కు పోయాడు. 2023లో పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నా, ఆ సీజనులో జట్టు పన్నెండింటిలో చివరిదే. మరుసటి ఏడు అతణ్ని ‘ఫైనల్ బిడ్ మ్యాచ్’ కింద 1 కోటి 72 లక్షల 50 వేలకు తిరిగి తెచ్చుకుంది. పాత జట్టు చివరి పాటకు సమానమైన సొమ్ము ఇస్తానంటే ఆటగాడు దానికే దక్కుతాడన్నది ఆ నియమం. ఇక్కడ ఒక తేడాను గమనించాలి: జీతగాణ్ని పాత ఆసామి దగ్గరే నిలిపింది మనిషి నెత్తిమీది అప్పు, ఆటగాణ్ని నిలిపేది జట్టు చేతిలోని సొమ్ము. అయినా ఏ ఇంట ఉండాలన్న మాటలో రెండు చోట్లా మనిషి వంతు తక్కువే. 2025లో పవన్ మళ్లీ తలైవాస్‌కు వెళ్లాడు, విజయ్ మాలిక్ సారథ్యంలో టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరింది.

హాకీకి వస్తే, 2025 సెప్టెంబరులో మినీ వేలం జరిగి జట్లు మరోసారి అటూ ఇటూ అయ్యాయి. తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లిన ఆ తొలి సీజనులో పురుషుల పోటీలు రూర్కెలా, రాంచీల్లో జరిగాయే గాని హైదరాబాదులో ఒక్కటీ జరగలేదు. మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో కూర్చొని టీవీలో ఆ ఆట చూసినవాడికి తెర మీద కనిపించిన హైదరాబాదు అంటే చొక్కా మీది పేరే. పాలమూరు లేబర్‌గా వెళ్లినవాళ్లతో ఊరి పేరూ, ఊరి మనుషులూ కలిసే వెళ్లేవారు; ఆట ముగిశాక రూర్కెలా నుంచి హైదరాబాదుకు బండెక్కవలసిన అవసరం ఈ జట్టుకు లేదు.