ఎపిటాక్సీ: స్ఫటిక పొరల్లో ఒత్తిడిని, లోపాలను తగ్గించిన చరిత్ర

స్ఫటిక బిళ్ల (వేఫర్) మీద మరో స్ఫటికపు పొరను, కింది పరమాణువుల వరసనే అనుసరించేలా పెంచడాన్ని ఎపిటాక్సీ అంటారు. 1928లో ఫ్రాన్స్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త లూయీ రోయర్ పెట్టిన పేరిది. రెండు పదార్థాల్లోనూ పరమాణువుల మధ్య దూరం, అంటే జాలకం కొలత, ఒకటే అయితే పేచీ లేదు. తేడా ఉంటే పై పొర సాగడమో నొక్కుకుపోవడమో తప్పదు. పొర పలుచగా ఉన్నంతసేపు ఆ ఒత్తిడిని ఓర్చుకుంటుంది. ఒక మందం దాటాక వరసలు తెగి, డిస్‌లొకేషన్లు అనే లోపాలు పుడతాయి. ఫ్రాంక్, వాన్ డెర్ మెర్వే 1949లో దీనికి సిద్ధాంతం చెప్పారు. ఆ హద్దు మందాన్ని లెక్కగట్టే సూత్రం 1974లో మాథ్యూస్, బ్లేక్‌స్లీ ఇచ్చారు.

పొత్తు కుదిరే జంటను వెతుక్కోవడం అన్నిటికన్నా తేలికైన ఉపాయం. దాని ఫలితం నెల్లూరు తీరం నుంచే నింగికెగిరింది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలోది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోది. అక్కడినుంచి 2013 జులై 1న పీఎస్‌ఎల్‌వీ-సీ22 మోసుకెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ ఉపగ్రహానికి సుమారు 1,660 వాట్ల కరెంటు ఇచ్చినవి ట్రిపుల్ జంక్షన్ (ఒకదానిపై ఒకటిగా మూడు సంధులున్న) సౌర ఘటాలు. ఈ రకం ఘటాల్లోని గాలియం ఆర్సెనైడ్ పొరను జెర్మేనియం వేఫర్ మీద పెంచుతారు. జెర్మేనియం జాలకం కొలత 5.658 ఆంగ్‌స్ట్రాములు, గాలియం ఆర్సెనైడ్‌ది 5.653. వెయ్యిలో ఒక వంతుకూ చాలని ఈ తేడాను కూడా వదలరు, సుమారు ఒక శాతం ఇండియం కలిపి సరిచేస్తారు. ఇంకో చిక్కుంది. జెర్మేనియంలో పరమాణువులన్నీ ఒకే రకం, గాలియం ఆర్సెనైడ్‌లో రెండు రకాలు. వేఫర్ మీద ఒక్క పరమాణువు ఎత్తు మెట్టు ఉన్నా పై పొరలో గాలియం పక్కన గాలియమే వచ్చి కూర్చుంటుంది. అందుకని వేఫర్‌ను కొన్ని డిగ్రీలు వాలుగా కోస్తారు, మెట్లు రెండేసి పరమాణువుల ఎత్తున కలిసిపోతాయి. సిలికాన్ ఎంతో చవకే గానీ గాలియం ఆర్సెనైడ్‌తో దానికి తేడా 4 శాతం. అంతరిక్షంలో ఖరీదు కన్నా నమ్మకం ముఖ్యం కాబట్టి జెర్మేనియమే నిలిచింది.

జంట కుదరని చోట మధ్యవర్తి కావాలి. నీలమణి మీద గాలియం నైట్రైడ్ పెంచితే తేడా 16 శాతం. 1986లో నగోయాలో అకసాకి, అమానో తక్కువ వేడిలో పలుచని అల్యూమినియం నైట్రైడ్ పొర వేసి, దానిపై మంచి స్ఫటికం రాబట్టారు. ఇది నీలి ఎల్‌ఈడీకి దారి తీసింది; ఆ ఎల్‌ఈడీ ఆవిష్కరణకు వారితో పాటు నకమురాకు కూడా 2014లో నోబెల్ వచ్చింది.

ఒత్తిడిని పక్కలకు జారుకోనివ్వడం మరో మార్గం. కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో పుట్టి, నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో చదివిన చెన్నుపాటి జగదీశ్ 1990లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరారు. ఆయన బృందం ప్రధానంగా పనిచేసిన వాటిలో నానోతీగలు ఒకటి. తీగ పాదం పదుల నానోమీటర్లే కావడంతో జాలకాల తేడా అంచుల్లోనే తీరిపోతుంది. అయితే తీగల్లో వరస తిరగబడే ట్విన్ లోపాలు వస్తుంటాయి. మొలక వేసేటప్పుడు కాసేపు ఎక్కువ వేడి, ఎదుగుదలకు తక్కువ వేడి వాడి, ఆ లోపాలు లేని గాలియం ఆర్సెనైడ్ తీగలను ఈ బృందం 2007లో చూపించింది. 2022లో జగదీశ్ ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ అధ్యక్షులయ్యారు.

జాలకం సరిపడినా చల్లారేటప్పుడు మరో గండం. సిలికాన్ వేఫర్ మీద వేడిలో పెంచిన గాలియం నైట్రైడ్, సిలికాన్ కన్నా దాదాపు రెట్టింపు కుంచించుకుంటుంది, పొర పగులుతుంది. అందుకే మధ్యలో అల్యూమినియం పాలు మెల్లగా తగ్గే పొరలు వేసి, పెరిగేటప్పుడే నొక్కుడు ఒత్తిడి పెడతారు. చల్లారేటప్పుడు పుట్టే లాగుడును అది రద్దు చేస్తుంది. ఫోన్ల ఫాస్ట్ చార్జర్లలోని గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు చాలావరకు సిలికాన్ వేఫర్ మీద ఇలా పెంచినవే.