కాలేయ కణాల రవాణా ప్రొటీన్లపై నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావం

కాలేయ కణానికి రెండు వైపులా రవాణా ప్రొటీన్లు ఉంటాయి. రక్తం వైపున్నవి పిత్త లవణాలను లోపలికి తీసుకుంటాయి. అవతలి వైపున్నవి వాటిని పైత్యరసంలోకి పంపుతాయి. పేగుల్లోకి చేరిన పిత్త లవణాల్లో దాదాపు 95 శాతం మళ్లీ రక్తం ద్వారా కాలేయానికే వస్తాయి, కాబట్టి ఈ రాకపోకలు రోజూ ఎన్నోసార్లు సాగుతాయి. వీటిని నైట్రిక్ ఆక్సైడ్ ఎలా మారుస్తుందన్నది గత మూడున్నర దశాబ్దాల్లో రూపుదిద్దుకున్న విషయం.

జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లోనే వర్ణించిన ఈ వాయువుకు శరీరంలో పని ఉందని రెండు వందల ఏళ్లు ఎవరూ అనుకోలేదు. రక్తనాళాల లోపొర నుంచి వెలువడి నాళాలను సడలించే పదార్థం ఒకటుందని రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో చూపాడు. అది నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి తేలింది. ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి దక్కింది.

కాలేయం సంగతి రక్తనాళాలంత ప్రసిద్ధం కాలేదు గానీ, దాని చరిత్రా తక్కువదేం కాదు. కాలేయంలోని కుఫర్ కణాలు వాపు సమయంలో విడుదల చేసే పదార్థాలు తగిలితే, పక్కనున్న కాలేయ కణాలు ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి నత్రజని ఆక్సైడ్లను తయారుచేస్తాయని తిమోతీ బిలియర్, రొనాల్డ్ కరన్ తదితరులు 1989లో చూపారు. అంటే ఇన్ఫెక్షన్ వేళ కాలేయ కణం నైట్రిక్ ఆక్సైడ్‌ను తానే పుట్టించుకుంటుంది. దీన్ని తయారుచేసే ఎంజైము జన్యువును 1993లో మానవ కాలేయ కణాల నుంచే వేరుచేశారు.

దాదాపు అదే కాలంలో రవాణా ప్రొటీన్ల వైపు నుంచీ ముందడుగు పడింది. పిత్త లవణాలను సోడియంతో కలిపి లోపలికి తెచ్చే ఎన్‌టీసీపీ అనే ప్రొటీన్ జన్యువును బ్రూనో హాగెన్‌బుక్, పీటర్ మయర్ తదితరులు 1991లో ఎలుక కాలేయం నుంచి గుర్తించారు. కప్ప గుడ్డు కణాల్లో ఆ ప్రొటీన్‌ను తయారుచేయించి, అది పిత్త లవణాలను లాగడం చూసి నిర్ధారించారు. హెపటైటిస్ బి వైరస్ మన కణంలోకి చొరబడేది ఈ ఎన్‌టీసీపీ గుండానేనని 2012లో తెలియడంతో దీని ప్రాధాన్యం ఇంకా పెరిగింది.

ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకిన రోగికి పైత్యనాళంలో రాయి అడ్డం లేకపోయినా కళ్లు పచ్చబడవచ్చు. ఈ చిక్కే రెండు పరిశోధనలనూ ఒకచోటికి తెచ్చింది. అలాంటప్పుడు కాలేయ కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది, ఎన్‌టీసీపీ ద్వారా జరిగే పిత్త లవణాల రవాణా తగ్గుతుంది. మొదటిదే రెండోదానికి కారణమా?

తొలి ఫలితాలు వేరే దిక్కు చూపించాయి. మైఖేల్ ట్రౌనర్, జేమ్స్ బోయర్ బృందం ప్రయోగాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఎలుక కాలేయంలో పైత్యరస ప్రవాహాన్ని పెంచింది. బ్యాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్ ఎక్కించిన ఎలుకల్లో మాత్రం ఆ మేలు కనిపించలేదని 1997లో వాళ్లు ప్రచురించారు. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే పిత్త ఆమ్లాన్ని ఇచ్చినప్పుడు పైత్యరసం పెరగడంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను మోసుకెళ్లే నైట్రోసోగ్లుటాథయోన్‌కు పాత్ర ఉందని 2010లో వెల్లడైంది. ఈ వాయువును కాలేయానికి శత్రువని గానీ, మిత్రుడని గానీ ఒక్క మాటలో తేల్చడం తప్పు. పైత్యరసాన్ని బయటికి పంపే పనికి సాయపడే వాయువే రక్తం వైపు రవాణాను తగ్గించగలదు.

ఆ రెండో సంగతిని ఎం. సౌకత్ అన్వర్, క్రిస్టఫర్ షోన్‌హాఫ్ బృందం 2011లో వివరించింది. మానవ ఎన్‌టీసీపీ ఉన్న కాలేయ కణాలకు నైట్రిక్ ఆక్సైడ్ అందిస్తే టారోకోలేట్ అనే పిత్త లవణం రవాణా తగ్గింది. పిత్త లవణాన్ని పట్టుకునే బలం మారలేదు, గరిష్ఠ వేగం మాత్రం పడిపోయింది. కారణం, కణపొరలో ఎన్‌టీసీపీ సంఖ్యే తగ్గడం. ప్రొటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు గంధకానికి నైట్రిక్ ఆక్సైడ్ అతుక్కుంటోందని కూడా తేలింది. ఆ బంధాన్ని విడదీసే డైథయోథ్రైటాల్ కలిపితే రవాణా మళ్లీ పుంజుకుంది. దీన్నిబట్టి ప్రొటీన్ పాడైపోలేదని, మార్పు వెనక్కి మళ్లించదగినదేనని అర్థమవుతుంది. ఎండోటాక్సిన్ వల్ల ఎన్‌టీసీపీ తయారీయే మందగించడం వేరే మార్గం. దాన్ని దీనితో కలిపి చూడకూడదు. 2013లో అదే బృందం అసలు చోటును పట్టుకుంది. 96వ స్థానంలోని సిస్టీన్‌ను మార్చేస్తే నైట్రిక్ ఆక్సైడ్ ఆ ప్రొటీన్ పనిని తగ్గించలేకపోయింది.