యూరప్ – భారత్ భూమార్గ మోటారు ప్రయాణం

జలసంధుల దగ్గర తప్ప ఓడ, ఎక్కడా విమానం ఎక్కకుండా కారులోనో, మోటారు సైకిలు మీదనో, బస్సులోనో పశ్చిమ యూరప్ నుంచి టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ దాటి భారతదేశానికి చేరే ప్రయాణం ఇది. లండన్ నుంచి ఢిల్లీకి ఈ దారిలో దూరం సుమారు 10,000 కిలోమీటర్లు. 1920లలో కొద్దిమంది సాహసులకే పరిమితమైన ఈ యాత్ర 1957 నాటికి టికెట్టు కొని ఎక్కే బస్సు ప్రయాణమైంది. 1970లలో వేలాది యువతీయువకులకు మామూలు దారి అయింది. 1979 తర్వాత దాదాపు ఆగిపోయింది. బండ్లు ఏటికేడు మెరుగవుతూనే వచ్చాయి. అయినా ఈ దారి తెరుచుకున్నదీ మూసుకున్నదీ సరిహద్దులను బట్టే.

తొలి బండ్లు

మోటారు వాహనంతో ఖండాలు దాటవచ్చని లోకానికి చూపింది 1907 నాటి పెకింగ్–పారిస్ పందెం. పారిస్‌లోని ఒక దినపత్రిక విసిరిన సవాలుకు ఐదు బండ్లు ముందుకొచ్చి జూన్ 10న పెకింగ్‌లో బయల్దేరాయి. గోబీ ఎడారిలో రోడ్డు లేదు, తంతి స్తంభాలే ఆనవాలు. పెట్రోలును ముందుగానే ఒంటెల మీద పంపి మజిలీల్లో నిలవ చేయించారు. సైబీరియాలో చెక్క వంతెన విరిగి ప్రిన్స్ షిపియోనె బోర్గేజె ‘ఇటాలా’ కారు కింద పడితే పైకి లాగి మళ్లీ నడిపారు. ఆయన ఆగస్టు 10న పారిస్ చేరి గెలిచాడు.

భారతదేశం వైపు దారి పడటానికి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమాసియాలో వచ్చిన మార్పులు కారణం. న్యూజిలాండ్‌కు చెందిన నార్మన్, జెరాల్డ్ నైర్న్ సోదరులు 1923లో సిరియా ఎడారి మీదుగా బాగ్దాద్‌కు మోటారు సర్వీసు మొదలుపెట్టారు. ఒంటెల బిడారుకు వారాలు పట్టే దూరాన్ని వాళ్ల కార్లు ఒకటి రెండు రోజుల్లో దాటి ప్రయాణికులనూ టపానూ చేర్చేవి. ఆ మరుసటి ఏడాది, 1924లో, మేజర్ ఫోర్బ్స్-లీత్ బృందం ఇంగ్లండ్ నుంచి వూల్జ్‌లీ కారులో క్వెట్టా వరకు వచ్చింది. ఇంగ్లండ్ నుంచి భారత్‌కు కారులో వచ్చిన తొలి యాత్రగా దీన్ని చెబుతారు. ఎదురు దిశలో, మోటారు లేకుండా సాగిన యాత్ర ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. 1923 అక్టోబరులో ఆరుగురు పార్సీ యువకులు బొంబాయి నుంచి సైకిళ్ల మీద ఇరాన్ వైపు సాగిపోయారు. వారిలో అది హకీం, జల్ బాపసోలా, రుస్తుం భుంగరా ప్రపంచం చుట్టి 1928లో ఇల్లు చేరారు. మోటారు యాత్రికుల పుస్తకాలకు దక్కిన పేరులో పదో వంతైనా వీరికి దక్కలేదు, దక్కి ఉండాల్సింది.

1931 ఏప్రిల్‌లో సిత్రోయెన్ సంస్థ బేరూట్ నుంచి పెకింగ్‌కు నడిపిన ‘పసుపు యాత్ర’ ఈ తొలి దశలో అతి పెద్ద ప్రయత్నం. ముందు రబ్బరు చక్రాలు, వెనక పట్టాలు ఉన్న బండ్లు అవి. జార్జ్-మారీ హార్ట్ నాయకత్వంలో బాగ్దాద్, హెరాత్, కాబూల్, పెషావర్ దాటి శ్రీనగర్ చేరాక హిమాలయం అడ్డొచ్చింది. గిల్గిత్‌కు పోయే కాలిబాట పలుచోట్ల బండి వెడల్పు కూడా లేదు. రెండు బండ్లను మాత్రం తీసుకుని, నడిచినంత దూరం నడిపి, నడవని చోట భాగాలుగా విప్పి కూలీల వీపుల మీద మోయించి, అవతల మళ్లీ బిగించారు. బండి మనిషిని మోసిన దూరంతో పాటు మనిషి బండిని మోసిన దూరాన్నీ ఈ యాత్ర లెక్కలో వేసుకోవాలి. హార్ట్ పెకింగ్ చేరాడు గానీ తిరుగుదారిలో 1932 మార్చిలో హాంకాంగ్‌లో న్యుమోనియాతో కన్నుమూశాడు.

అదే 1932లో రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ అనే అమెరికన్ యువకుడు డగ్లస్ మోటారు సైకిలు మీద ఒంటరిగా లండన్ వదిలాడు. టర్కీ, సిరియా, ఇరాక్, భారత్ మీదుగా టోక్యో చేరేసరికి ఏడాదిన్నర గడిచింది. ఇంజిన్ కింది రక్షణ పలకలో పిస్తోలు దాచుకుని, బండి నిండా సినిమా ఫిల్ము నింపుకుని తిరిగాడు. 1937లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాతి తరాల మోటారు సైకిలు యాత్రికులకు దారి చూపింది.

కార్నెట్

ప్రతి దేశం బయటి నుంచి వచ్చే బండి మీద సుంకం కోరుతుంది. యాత్రికుడు బండిని అక్కడే అమ్మేస్తాడేమోనని దాని అనుమానం. ఈ చిక్కును తీర్చింది ‘కార్నెట్’ అనే కాగితాల పుస్తకం. సొంత దేశంలోని ఆటోమొబైల్ సంఘం పూచీ తీసుకుని దీన్ని ఇస్తుంది. అందుకు యాత్రికుడు డిపాజిట్ కట్టాలి, లేదా బ్యాంకు హామీ చూపాలి. పుస్తకంలో ప్రతి పేజీకీ మూడు ముక్కలు. దేశంలోకి వచ్చేటప్పుడు కస్టమ్స్ అధికారి కింది ముక్క చింపుకుంటాడు, వెళ్లేటప్పుడు మధ్య ముక్క. రెండు ముద్రలూ పడిన పై ముక్క యాత్రికుడి దగ్గర మిగులుతుంది. వెళ్లినట్టు ముద్ర లేకపోతే సుంకం మొత్తం ఆ సంఘం కట్టాలి, సంఘం దాన్ని డిపాజిట్ నుంచి రాబట్టుకుంటుంది. ఇరాన్, పాకిస్తాన్, భారత్ మూడూ దీన్ని అడిగే దేశాలే. మనవాళ్లకు ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంస్థలు ఇస్తాయి. స్పేర్ టైరు పోతే దొరుకుతుంది, కార్నెట్ పోతే యాత్ర అక్కడితో ఆగుతుంది.

బస్సులు, విద్యార్థులు

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్‌కు ఇరాన్ గుండా లారీల్లో సరుకు చేరవేయడం కోసం అక్కడి రోడ్లు బాగుపడ్డాయి. 1955 సెప్టెంబరు 1న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి బయల్దేరి భారత్, బర్మా మీదుగా 1956 మార్చి 6న సింగపూర్ చేరారు. బర్మాలో యుద్ధకాలపు లేడో రోడ్డు అప్పటికే అడవిలో కలిసిపోతోంది. దాన్నే పట్టుకుని దాటారు. బీబీసీలో యువ నిర్మాతగా ఉన్న డేవిడ్ అటెన్‌బరో వీరికి ఫిల్ము ఇచ్చి పంపాడు. టిమ్ స్లెసర్ రాసిన యాత్రాగ్రంథం ఇప్పటికీ చదువుతున్నారు.

మామూలు మనుషులకు ఈ దారి అందింది మాత్రం బస్సుతోనే. 1957 ఏప్రిల్ 15న గారో-ఫిషర్ ‘ఇండియామాన్’ బస్సు ఇరవై మంది ప్రయాణికులతో లండన్ నుంచి కదిలి జూన్ 5న కలకత్తా చేరింది. టికెట్టు 85 పౌన్లు. వెళ్లడమే కాక వెనక్కి కూడా వచ్చింది. తర్వాత ఇలాంటి సర్వీసులు చాలా పుట్టాయి.

కాబూల్ మీదుగా

1960లలో ఈ దారిని నునుపు చేసింది ప్రచ్ఛన్న యుద్ధం. అఫ్ఘానిస్తాన్‌ను తమవైపు తిప్పుకోవడానికి సోవియట్లు ఉత్తర సరిహద్దు నుంచి హెరాత్ మీదుగా కాందహార్ వరకు కాంక్రీటు రోడ్డు, 1964 నాటికి సలాంగ్ సొరంగం కట్టించారు. కాందహార్ నుంచి కాబూల్ వరకు తారు రోడ్డు అమెరికా వేయించింది. ఆ పోటీలో ఎక్కువ లాభపడినవారు పాత వ్యాన్లలో, తుప్పు పట్టిన బస్సుల్లో ఇటు వచ్చిన యూరప్ యువకులు.

వీళ్లంతా ఇస్తాంబుల్‌లో ‘పుడింగ్ షాప్’ అని పేరుపడ్డ హోటల్లో కలిసేవారు. కలిసి వెళ్లే తోడు కోసం, బండిలో చోటు కోసం అక్కడి నోటీసు బోర్డు మీద చీటీలు అంటించేవారు. 1973లో వంతెన తెరిచేదాకా బాస్ఫరస్ జలసంధిని బండితో సహా ఫెర్రీ మీదే దాటాలి. ఆ తర్వాత ఎర్జురూం, అరారాత్ పర్వతం పక్కన బజర్‌గాన్ సరిహద్దు, టెహ్రాన్, మషద్, ఇస్లాం కలా, హెరాత్, కాందహార్, కాబూల్. తోర్ఖం దగ్గర అఫ్ఘాన్ భూమి అయిపోగానే బండిని కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చాలి. అక్కడి నుంచి రోడ్డుకు ఎడమ పక్కన నడిపే బ్రిటిష్ పద్ధతి. ఖైబర్ దిగితే పెషావర్, లాహోర్, ఆ పైన మన సరిహద్దు. 1965, 1971 యుద్ధాలప్పుడు ఆ చివరి తలుపు మూతపడింది.

1968 నవంబరులో లండన్–సిడ్నీ మారథాన్ కోసం 98 కార్లు ఇదే దారిలో బొంబాయికి పరుగెత్తాయి. అక్కడ ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాక హిల్‌మన్ హంటర్ కారుతో ఆండ్రూ కోవన్ గెలిచాడు. 1972లో టోనీ, మోరీన్ వీలర్ దంపతులు పాత మినీ వ్యాన్‌లో లండన్ నుంచి వచ్చి, కాబూల్‌లో దాన్ని అమ్ముకుని, చేతిలో 27 సెంట్లతో సిడ్నీ చేరారు. మరుసటి ఏడాది వాళ్లు వేసుకున్న చిన్న పుస్తకంతోనే లోన్లీ ప్లానెట్ సంస్థ మొదలైంది.

మోటారు సైకిలు యాత్రికుల్లో ఆన్-ఫ్రాన్స్ డోట్‌విల్‌ను ముందు చెప్పుకోవాలి. ఆమె 1972లో పారిస్ నుంచి ఇస్ఫహాన్‌కు సాగిన బృందయాత్రలో మోటో గుజ్జి 750 నడిపింది. 1973లో చిన్న కవాసాకి 125 మీద ఒంటరిగా ప్రపంచం చుట్టింది. అదే ఏడాది అక్టోబరు 6న టెడ్ సైమన్ ట్రయంఫ్ 500 మీద లండన్ వదిలాడు. నాలుగేళ్లు, లక్ష కిలోమీటర్లకు పైగా తిరిగి 1979లో వెలువరించిన పుస్తకం ఎందరినో రోడ్డెక్కించింది. నూట పాతిక సీసీ బండి చాలిందన్న మాట, ఇప్పుడు లక్షలు పోసి పెద్ద బండ్లు కొనేవారు గుర్తుంచుకోదగ్గది.

1979

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇరాన్ విప్లవం నెగ్గింది. నవంబరులో టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం సిబ్బంది బందీలయ్యారు. డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో దిగాయి. 1980లో ఇరాన్–ఇరాక్ యుద్ధం. బస్సు కంపెనీలు ఒక్కటొక్కటిగా మూతబడ్డాయి. మిగిలిన కొద్దిమంది అఫ్ఘానిస్తాన్‌ను తప్పించి ఇరాన్‌లోని జహెదాన్ నుంచి బలూచిస్తాన్ ఎడారిలోని తఫ్తాన్, క్వెట్టా దాటి లాహోర్‌కు రాసాగారు. 1982–84లో బీఎండబ్ల్యూ మీద ప్రపంచం చుట్టిన ఎల్స్‌పెత్ బియర్డ్ భారత్ నుంచి పాకిస్తాన్, ఇరాన్ మీదుగానే ఇల్లు చేరింది. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో బుల్లెట్ కొని దాని మీదే స్వదేశానికి పోయే విదేశీయులు కూడా ఈ దారినే నమ్ముకున్నారు. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారైన ఆ బండిని ఏ ఊళ్లోనైనా బాగుచేసుకోవచ్చు, వాళ్లకు అదే ముఖ్యం.

ఇప్పటి దారులు

పడమటి దారి ఇరుకైనకొద్దీ యాత్రికులు తూర్పు, ఉత్తర దిక్కులు వెతికారు. 2015లో నిధి తివారీ మరో ఇద్దరు స్త్రీలతో స్కార్పియోలో ఢిల్లీ నుంచి లండన్ వెళ్లింది. స్టీరింగ్ ఆసాంతం ఆమె చేతిలోనే. మయన్మార్, చైనా, మధ్య ఆసియా చుట్టి వెళ్లడంతో దూరం దాదాపు 23,800 కిలోమీటర్లు, 97 రోజులు పట్టింది. నేరుగా పోయే దారికి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. 2018లో హైదరాబాద్ నుంచి జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ల మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి సుమారు 17,000 కిలోమీటర్లు పూర్తి చేశారు. తెలుగునేల నుంచి సాగిన యాత్రల్లో దీన్ని ముఖ్యమైనదిగా చెప్పాలి. 2019లో 1955 నాటి ‘ఆక్స్‌ఫర్డ్’ ల్యాండ్ రోవరే సింగపూర్ నుంచి టిబెట్, మధ్య ఆసియా మీదుగా లండన్ చేరింది. స్లెసర్ అనారోగ్యంతో రాలేకపోతే ఆయన మనవడు వచ్చాడు.

2021లో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక తూర్పు దారి తెగింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ సరిహద్దులోని అట్టారీ చెక్‌పోస్టును భారత్ మూసివేయడంతో పడమటి దారీ తెగింది. ఉత్తరాన నేపాల్, టిబెట్, చైనా మీదుగా పోయేవారికి చైనా తాత్కాలిక నంబరు ప్లేటు, చైనా లైసెన్సు, అక్కడి దారి పొడవునా గైడు తప్పనిసరి. ఈ యాత్ర తలపెట్టేవారు బండి కొనే ముందు సరిహద్దుల పరిస్థితి కనుక్కోవాలి. కార్నెట్ బయల్దేరే తేదీకి దగ్గరగా తీసుకోవడం మంచిది, దాని గడువు ఏడాదే.