బోధనా చిత్రాలకు శ్రవణ వర్ణన: 1964 నాటి ప్రతిపాదన నడచిన దారి

కీలక పదాలు: శ్రవణ వర్ణన, విద్యాచిత్రాలు, దృష్టిలోపం, సైట్ ప్రయోగం, వీడియో పాఠాలు

1. ఉపోద్ఘాతం

తెరపై కనిపించే దృశ్యాన్ని దృష్టిలోపం గల ప్రేక్షకులకు మాటలలో అందించే ప్రక్రియను శ్రవణ వర్ణన అంటున్నాం. ఆంగ్లంలో దీని పేరు ఆడియో డిస్క్రిప్షన్. సంభాషణల మధ్య దొరికే విరామాలలో ఒక వ్యాఖ్యాత పాత్రల కదలికలను, ముఖకవళికలను, పరిసరాలను, తెరపై పడే అక్షరాలను క్లుప్తంగా చెబుతారు. ఈ ప్రక్రియ చరిత్రను సాధారణంగా నాటకశాల నుండో, సినిమా నుండో మొదలుపెడతారు. కాని దీని తొలి ప్రతిపాదనలలో ఒకటి విద్యాచిత్రాలను ఉద్దేశించినది. అది ఆచరణకు రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈలోగా ప్రక్రియ నాటకానికి తగిన రూపం సంతరించుకొంది. పాఠం అవసరాలు పక్కన ఉండిపోయాయి. నేటి వీడియో పాఠాలలో అంధ విద్యార్థి ఎదుర్కొనే ఇబ్బందికి ఒక మూలం ఇక్కడ ఉందని ఈ వ్యాసం భావిస్తుంది.

2. విద్యాచిత్రాల గురించిన సూచన

అమెరికా ప్రభుత్వం 1958లో బధిరుల కోసం ఉపశీర్షికలతో చలనచిత్రాలు అందించే చట్టం చేసింది. మొదట అది వినోద చిత్రాలకు ఉద్దేశించినది. 1962 సవరణతో విద్యాచిత్రాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. సమాఖ్య విద్యా విభాగంలో పనిచేస్తున్న చెట్ ఏవరీ స్వయంగా అంధులు. ఈ పథకం గురించి తెలుసుకొన్న ఆయన, బధిరుల కోసం మాటను అక్షరంగా మార్చినట్లే అంధుల కోసం దృశ్యాన్ని మాటగా మార్చి విద్యాచిత్రాలకు జోడించవచ్చునని 1964లో సూచించారు.

సూచన ముందుకు సాగలేదు. అప్పటి అంధుల సంఘాల దృష్టి ప్రధానంగా ఉపాధిపై ఉండేది. ఆ ప్రాధాన్యాన్ని తప్పుపట్టలేం. ఉద్యోగమే దొరకని చోట చిత్రాల ప్రస్తావన విలాసంగా తోచి ఉంటుంది. అయితే ఉద్యోగానికి దారి చదువు కదా, ఆ చదువు క్రమంగా తెర మీదికి చేరబోతున్నదని గ్రహించినవారు అప్పట్లో తక్కువ.

3. నాటకశాల దారి

గ్రెగరీ ఫ్రేజియర్ తన అంధ మిత్రునితో కలిసి టెలివిజన్‌లో 'హై నూన్' సినిమా చూస్తూ, దృశ్యాలను వివరిస్తూ పోయారు. ఆ అనుభవం నుండి పుట్టిన ఆలోచనను ఆయన 1975లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసంగా మలిచారు. అందులో ఎంచుకొన్నది ఒక టెలివిజన్ చిత్రం, 'ది ఆటోబయాగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్'.

అమెరికా తూర్పు తీరంలో కృషి వేరుగా సాగింది. వాషింగ్టన్‌లో అంధుల కోసం పత్రికలు చదివి వినిపించే రేడియో సేవను నడిపిన మార్గరెట్ ఫాన్‌స్టీల్, కోడీ ఫాన్‌స్టీల్‌లు 1981లో అరీనా స్టేజ్ నాటకశాలలో బెర్నార్డ్ షా రాసిన 'మేజర్ బార్బరా' ప్రదర్శనకు వర్ణన అందించారు. సంభాషణకు అడ్డురాకుండా, సొంత అభిప్రాయం చొప్పించకుండా, కనిపించినదానిని మాత్రమే చెప్పడమనే పద్ధతి అక్కడ కుదురుకొంది. బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ సంస్థ 1990లో క్రమబద్ధమైన టెలివిజన్ వర్ణన సేవను ప్రారంభించింది. స్టీరియో ప్రసారాలతో పాటు వచ్చిన అదనపు ధ్వనిమార్గం దీనికి ఉపకరించింది.

విద్యాచిత్రాల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 1958 చట్టంతో మొదలైన పథకం తన పేరులో 'వర్ణన' అన్న మాటను చేర్చుకొన్నది 2006లో. అప్పటికి ఏవరీ సూచనకు 42 ఏళ్లు నిండాయి.

4. విరామం దొరకని పాఠం

నాటకంలో మౌనం ఉంటుంది. పాత్ర తలుపు తీసుకొని వచ్చేలోపు వ్యాఖ్యాత రెండు మాటలు చెప్పగలరు. పాఠంలో ఆ వెసులుబాటు ఉండదు. ఉపాధ్యాయుడు బోర్డుపై రాస్తూనే మాట్లాడతారు. దృశ్యం అత్యంత సాంద్రంగా ఉన్న క్షణంలోనే మాట కూడా ఎడతెగకుండా సాగుతుంది. విరామాలపై ఆధారపడిన పద్ధతి ఇక్కడ నిస్సహాయమవుతుంది.

2008లో వెలువడిన వెబ్ సౌలభ్య ప్రమాణాల రెండో కూర్పు ఈ చిక్కును గుర్తించింది. వీడియోను కొంతసేపు ఆపి వర్ణన వినిపించి తిరిగి నడిపించే 'విస్తృత వర్ణన'ను అందులో పేర్కొన్నారు. కాని దానిని అత్యున్నత స్థాయి ప్రమాణాలలో చేర్చారు. అంటే ఆచరణలో చాలా సంస్థలు దాని జోలికి పోవు. నా దృష్టిలో ఇది తలకిందుల అమరిక. పాఠానికి ప్రాణావసరమైనది ఐచ్ఛికమైపోయింది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్మిత్-కెటిల్‌వెల్ నేత్ర పరిశోధన సంస్థ నుండి వచ్చిన 'యూడిస్క్రైబ్' ఈ లోటును కొంత పూరించింది. యూట్యూబ్ వీడియోలకు స్వచ్ఛంద సేవకులెవరైనా వర్ణన చేర్చవచ్చు. అవసరమైన చోట వీడియోను ఆపనూ వచ్చు.

5. తెలుగు పాఠాలు: ఆకాశవాణి నుండి తెర వరకు

ఫ్రేజియర్ సిద్ధాంత వ్యాసం సమర్పించిన 1975లోనే, ఆగస్టు 1న, మన దేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. సైట్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగం ఏడాదిపాటు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు ఉండేవి. చదువురాని రైతుకు సైతం దృశ్యం అర్థమవుతుందన్న నమ్మకం దీని పునాది. నమ్మకం సరైనదే. కాని అదే ఊరిలోని చూపులేని పిల్లవాని స్థానం ఆ ప్రణాళికలో స్పష్టంగా లేదు.

అంతకు ముందు విద్యా ప్రసారాలకు ప్రధాన వాహిక ఆకాశవాణి. రేడియో వక్తకు చూపుడు వేలు పనికిరాదు. ఎరువు ఎంత, నారు ఎంత ఎడంలో, ఆకు మచ్చ ఏ రంగులో అన్నది మాటలలోనే చెప్పాలి. ఆ క్రమశిక్షణ వల్ల రేడియో పాఠం ప్రత్యేక ఏర్పాటేదీ లేకుండానే అంధులకు అందింది. టెలివిజన్ వచ్చాక ఆ పనిని తెర తీసుకొంది. మాటలోకి 'ఇది', 'ఇక్కడ', 'ఇలా' చేరాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాలలో శ్రవణ వర్ణనను ప్రస్తావించింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో కరోనా కాలపు బడి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ తెరలపై మొదలైనప్పుడు అంధ విద్యార్థులకు కూడా ఆ తెరే తరగతి గది అయింది. కేంద్ర విద్యాశాఖ వైకల్యం గల పిల్లల ఈ-పాఠాల రూపకల్పనకు 2021లో మార్గదర్శకాలు వెలువరించింది. అవి పాఠం తయారుచేసే గది దాకా చేరాలి.

పుష్పం అడ్డుకోత వంటి పటానికి విస్తృత వర్ణన కావాలి, వీలైతే తాకి చూసే పటమూ కావాలి. అక్కడ మాటల పొదుపు కుదరదు. కాని నిత్యం వినే వాక్యాలలో చాలా వాటికి అంత శ్రమ అక్కరలేదు. బీజగణితం చెబుతూ 'దీన్ని ఇటు తెస్తే గుర్తు మారుతుంది' అనే ఉపాధ్యాయుడు, 'ఎడమవైపున్న ప్లస్ అయిదును కుడివైపుకు తెస్తే మైనస్ అయిదవుతుంది' అనవచ్చు. 'రంగు ఎలా మారిందో చూశారు కదా' అనే చోట 'నీలి లిట్మస్ కాగితం ఎర్రబడింది' అంటే చాలు. రెండో వాక్యం మొదటిదానికన్నా చిన్నది కూడా.