గిటార్ ఘోడీ మారిన కథ

"మామూ, గిటార్ బ్రిడ్జ్ మార్చుకుంటా, ఆవాజ్ బాగవుతుంది" అంటూ మా భాంజా పైసలడిగాడు. సితార్‌కుండే ఆ భాగాన్ని మనం ఘోడీ అంటాం, వీణకైతే తెలుగులో గుర్రం. తీగల్ని మోసేది అదే కదా! సరే, గిటార్ ఘోడీ తారీఖ్ తిరగేశాను.

1952లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ, మషూర్ కళాకారుడు లెస్ పాల్ పేరుతో ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. గల్తీ ఘోడీలోనే జరిగింది. తీగల్ని కడ్డీ కిందుగా చుట్టాల్సి రావడంతో అరచేయి ఆనించి ఆవాజ్ అదిమే హునర్‌కు చోటు లేకపోయింది. మరుసటి ఏడాదే మార్చారు. 1954లో లెస్ పాల్ కస్టమ్ మోడల్‌కు ట్యూన్-ఓ-మేటిక్ వచ్చింది: ఆరు తీగలకు ఆరు దిమ్మెలు, స్క్రూ తిప్పితే ముందుకూ వెనక్కూ జరుగుతాయి. అదే ఏడాది కాలిఫోర్నియాలో లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కూ ఆరు పెట్టాడు.

ఎందుకింత మెహనత్? తీగను నొక్కితే అది కాస్త సాగి సుర్ పైకి పోతుంది. ఆ తేడా ఒక్కో తీగకు ఒక్కోలా ఉంటుంది. కనుక ఒక్కో తీగ పొడవును విడిగా సరిచేయాలి.

భాంజాతో అన్నాను: "బేటా, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి చూడు. వట్టి తీగ సురే సరిగ్గా ఒక స్థాయి పైన పలకాలి. లేకుంటే ముందు ఉన్న ఘోడీ స్క్రూలు తిప్పు. సుర్ కుదిరాక కూడా ఆవాజ్ నచ్చకపోతే, పైసలు నావి."